తెర అంచున చీకటి



అర్ధరాత్రి వేళ. ఊరికి దూరంగా, తోటల మధ్య ఒక పాత బంగళా. తెల్లటి రాత్రి దుస్తుల్లో ఒకావిడ కొవ్వొత్తుల సెమ్మె చేతబట్టుకుని పొడవాటి నడవాలో నడిచి వస్తోంది. వెలుగు ఆమె ముఖం వరకే. నాలుగడుగుల అవతల ఉన్నది గోడో, తలుపో, మనిషో తెలియదు. ఆమె ఒక అడుగు వేస్తే వెలుగు కూడా అడుగు జరుగుతుంది. చీకటి కూడా జరిగి, మళ్లీ ఆమె పక్కనే వచ్చి నిలబడుతుంది. తెర మీద ఏ దెయ్యమూ లేదు. అయినా చూసేవాళ్లు ఊపిరి బిగబట్టుకుంటారు.

1961లో వచ్చిన ‘ది ఇన్నొసెంట్స్’ అనే బ్రిటిష్ సినిమాలోది ఆ దృశ్యం. నటి పేరు డెబొరా కెర్. ఆ కొవ్వొత్తుల వెలుగును ఫిల్ము మీదికి ఎక్కించడానికి స్టూడియోలో ఎంతటి దీపాలు వెలిగించారంటే, షాటుకీ షాటుకీ మధ్య ఆమె ఒక్కోసారి నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చునేది. అంత వెలుగు పోసి, దాన్ని అంత చీకటిగా చూపించిన కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. ఈ పూట ప్రసంగం ఆయన గురించే.

ఛాయాగ్రాహకుడిగా ఆయనకు రెండుసార్లు ఆస్కార్ వచ్చింది. ఆ రెండు బహుమతుల మధ్య 29 ఏళ్ల ఎడం ఉంది. ఆ ఎడంలో చాలాకాలం ఆయన కెమెరా పక్కన పెట్టి దర్శకుడి కుర్చీలో కూర్చున్నారు. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్, తోడేలు మనిషి, పగబట్టిన పుర్రె, సమాధిలోంచి లేచిన ముసలివాడు ఇలాంటివన్నీ తీశారు. ఆయన కెమెరా పనిని మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఈ దెయ్యాల సినిమాలను ఏదో పొట్టకూటి పనిగా చూసి దాటిపోయారు. దెయ్యాల సినిమాల అభిమానులేమో ఆయన్ని తమ మనిషిగానే చూసుకున్నారు. ఈ రెండు లెక్కల్లోనూ సగం మనిషే మిగులుతాడు. తెరమీద ఏది కనిపించాలి, ఏది కనిపించకూడదు అన్న ఒకే విద్యను ఆయన రెండు పనుల్లోనూ వాడారు. ఒక పనిలో నేర్చుకున్నది రెండో పనిలోకి తెచ్చుకున్నారు. ఆ దారి మొదటినుంచీ చూస్తే గానీ ఈ మాట బోధపడదు.

ఫ్రెడరిక్ విలియం ఫ్రాన్సిస్ 1917 డిసెంబర్ 22న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో పుట్టారు. మొదట అనుకున్నది ఇంజనీరింగ్. కానీ పదహారో ఏట చదువు ఆపి ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర పనికి కుదిరారు. ఆ ఫొటోగ్రాఫర్ ఒక సినిమాకు స్టిల్స్ తీయడానికి వెళ్తే కుర్రవాడు కూడా వెంట వెళ్లాడు. అంతే, మళ్లీ వెనక్కి తిరగలేదు. క్లాప్ కొట్టడం, ఫిల్ము ఎక్కించడం, ఫోకస్ సరిచూడడం, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కారు. 1936 నాటి ‘ది ప్రిజనర్ ఆఫ్ కోర్బల్’కు క్లాప్ బాయ్ ఆయనే.

1939లో యుద్ధం వచ్చింది. ఫ్రాన్సిస్ సైన్యంలో చేరి ఏడేళ్లు ఉండిపోయారు. అక్కడా అదృష్టం కెమెరా దగ్గరికే చేర్చింది. సైన్యానికి శిక్షణ చిత్రాలు తీసే ఆర్మీ కినిమటోగ్రాఫ్ సర్వీసులో పడ్డారు. అక్కడ ఫలానా పని నాది, ఫలానాది కాదు అనే వీలుండదు. దీపాలు పెట్టడం, కెమెరా నడపడం, తీసింది కత్తిరించి అతికించడం అన్నీ చేతికి రావలసిందే.

యుద్ధం ముగిసి బయటికొచ్చాక పదేళ్లపాటు కెమెరా ఆపరేటర్. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అప్పటి బ్రిటిష్ పద్ధతిలో దీపాలు అమర్చే పెద్ద కెమెరామన్ వేరు, కెమెరాకు కన్ను ఆనించి దాన్ని తిప్పే ఆపరేటర్ వేరు. ఫ్రాన్సిస్ ఈ రెండో పనిలో ఉంటూ మొదటి పనిలో ఉన్న గొప్పవాళ్లను పక్కనే నిలబడి చూశారు. మైఖేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ జంట తీసిన ‘ది స్మాల్ బ్యాక్ రూమ్’, ‘గాన్ టు ఎర్త్’, ‘ది టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్’ సినిమాలకు పనిచేశారు. జాన్ హ్యూస్టన్ 1952లో చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ జీవితం మీద ‘మూలాన్ రూజ్’ తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు ఆస్వాల్డ్ మోరిస్, ఆపరేటర్ ఫ్రాన్సిస్. రంగులు కళ్లు చెదిరేలా ఉండాలన్నది ఆనాటి టెక్నికలర్ కంపెనీ పట్టుదల. మోరిస్ ఆ మాట కాదని సెట్టు నిండా పొగ పెట్టి, కెమెరాకు మంచు తెర లాంటి ఫిల్టర్లు తగిలించి, లోత్రెక్ పోస్టర్లలోని మసక రంగులను పట్టుకొచ్చారు. గాజు పలక ఒకటి అడ్డం పెడితే సినిమా మనసే మారిపోతుందని ఫ్రాన్సిస్ దగ్గరుండి చూశారు. ఆ పాఠం ఆయనకు ఎన్నో ఏళ్లు పనికొచ్చింది.

1956లో ‘ఎ హిల్ ఇన్ కొరియా’తో ఆయనే ఛాయాగ్రాహకుడయ్యారు. ఆ తర్వాతి అయిదేళ్లు బ్రిటిష్ సినిమా ముఖమే మారిన రోజులు. అంతవరకూ తెరమీద పెద్దింటి గదులు, ఒద్దికైన మాటలు. ఇప్పుడు కార్మిక వాడలు, పొగగొట్టాలు, ఇరుకు వంటిళ్లు, వారాంతపు జీతపు కవర్లు తెరకెక్కాయి. 1959లో జాక్ క్లేటన్ తీసిన ‘రూమ్ ఎట్ ది టాప్’, 1960లో కారెల్ రైజ్ తీసిన ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’ ఆ మార్పుకు మైలురాళ్లు. రెండింటికీ కెమెరా ఫ్రాన్సిస్‌దే. రెండో సినిమాలో ఆల్బర్ట్ ఫినీ పోషించిన లేత్ మిషన్ కుర్రాణ్ణి నాటింగ్‌హామ్‌లోని రాలే సైకిళ్ల ఫ్యాక్టరీలో నిలబెట్టి తీశారు. ఆ నవల రాసిన ఆలన్ సిల్లిటో ఒకప్పుడు పనిచేసిన ఫ్యాక్టరీ అది. యంత్రాల వరసల మధ్య నూనె మరకల చొక్కా, దాని మీద పడే ఫ్యాక్టరీ వెలుతురు, అందులో సోకు ఏమీ ఉండదు. చూసేవాడికి ఆ ఫ్యాక్టరీలో తనూ షిఫ్టు చేసినట్టుంటుంది.

అదే 1960లో అదే ప్రాంతంలో మరో సినిమా, డి.హెచ్. లారెన్స్ నవల ఆధారంగా ‘సన్స్ అండ్ లవర్స్’. దర్శకుడు జాక్ కార్డిఫ్. ఆయన స్వయంగా పేరుమోసిన ఛాయాగ్రాహకుడు, ‘బ్లాక్ నార్సిసస్’కు ఆస్కార్ తెచ్చుకున్నవాడు. అలాంటివాడు దర్శకుడిగా ఉన్నప్పుడు కెమెరా దగ్గర నిలబడడం కత్తిమీద సామే. గురువుగారి ఎదుట పద్యం చదవడం లాంటిది. ఫ్రాన్సిస్ ఆ పరీక్షలో నెగ్గారు. నలుపు తెలుపు ఛాయాగ్రహణానికి ఆ ఏడాది ఆస్కార్ ఆయన్ని వరించింది. కెమెరామన్ దర్శకుడు కావచ్చునన్న ఆలోచనకు కూడా కళ్లెదుటే ఒక ఉదాహరణ దొరికింది.

ఇక మనం మొదట చెప్పుకున్న కొవ్వొత్తుల దగ్గరికి వద్దాం.

‘ది ఇన్నొసెంట్స్’కు మూలం హెన్రీ జేమ్స్ రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’. పల్లెలో ఒక బంగళా, తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి వచ్చిన ఉపాధ్యాయిని. చనిపోయిన ఇద్దరు పనివాళ్లు ఆ పిల్లల్ని పట్టుకున్నారని ఆవిడ నమ్మకం. అవి నిజంగా దెయ్యాలా, ఆమె మనసు అల్లుకున్నవా అన్నది చివరిదాకా తేలదు. ఇలాంటి కథకు ఇరుకు తెర కావాలి. మనిషికి ఊపిరాడకూడదు. కానీ నిర్మాణ సంస్థ ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ సినిమాస్కోప్‌లోనే తీయాలని పట్టుబట్టింది. సినిమాస్కోప్ అంటే ఎత్తుకు రెండింతలు దాటిన వెడల్పు. గుర్రపు దళాలకూ ఎడారులకూ సరిపోయే తెర అది. ఒక మనిషి భయాన్ని అంత విశాలంలో ఎక్కడ దాస్తారు? దర్శకుడు క్లేటన్‌కు ఇది మింగుడుపడలేదు.

ఫ్రాన్సిస్ ఒక ఉపాయం చేశారు. గాజు ఫిల్టర్లు తయారుచేయించి, నడుమ తేటగా వదిలేసి, అంచులకు రంగు పూయించారు. ఆ గాజు కెమెరా ముందు పెడితే తెర రెండు పక్కలా మెల్లగా చీకటిలోకి కరిగిపోతుంది. వెడల్పు తెర అలాగే ఉంది, కానీ దానికి గోడలు వచ్చాయి. కావలసినప్పుడు ఆ గోడలు దగ్గరికి జరుగుతాయి.

పల్లెటూళ్లో కరెంటు పోయిన రాత్రి కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చున్నవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. బుడ్డి చుట్టూ ఉన్న వెలుగు కాదు భయపెట్టేది, ఆ వెలుగు ఆగిపోయే చోటు. కన్ను మాటిమాటికీ అక్కడికే పోతుంది. ఫ్రాన్సిస్ ఆ చోటును తెర అంచున శాశ్వతంగా అమర్చిపెట్టారు.

కొవ్వొత్తుల విషయంలో కూడా అంతే శ్రద్ధ. మామూలు కొవ్వొత్తి వెలుగు కెమెరాకు ఆనదు. అందుకని నాలుగైదు వత్తులు కలిపి పేనిన కొవ్వొత్తులు ప్రత్యేకంగా చేయించారు. మంట పెద్దదై, దానికదే వెలుగిచ్చింది. ఇక ఆ పెద్ద దీపాలెందుకంటారా? కెమెరా కటకంలో కంటిపాప లాంటి రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని చిన్నది చేస్తే దగ్గరున్న ముఖం, దూరాన ఉన్న కిటికీ రెండూ స్పష్టంగా పడతాయి. ఫ్రాన్సిస్‌కు అదే కావాలి. ముందు ఉపాధ్యాయిని ముఖం, వెనక ఎక్కడో కిటికీ, రెంటిలో దేన్నీ ప్రేక్షకుడు నమ్మి వదిలేయకూడదు. కానీ చిన్న రంధ్రంలోంచి వెలుగు తక్కువ వెళ్తుంది కాబట్టి సెట్టు మీద వెలుగు కుమ్మరించాలి. డెబొరా కెర్ నల్లకళ్లద్దాల వెనక ఉన్న లెక్క ఇదీ.

ఆ సినిమాలో అన్నిటికన్నా వణుకు పుట్టించే దెయ్యం రాత్రి రాదు. పట్టపగలు, చెరువు అవతల, రెల్లు దుబ్బుల మధ్య నల్లబట్టల్లో ఒక స్త్రీ ఊరికే నిలబడి ఉంటుంది. దూరంగా. కదలదు. ఏమీ చేయదు. చిన్న ఆకారం, చుట్టూ బూడిదరంగు నీరు, అంతే. ఇంత పని చేసిన మనిషికి ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. ఇవాళ మాత్రం నలుపు తెలుపు ఛాయాగ్రహణం గురించి మాట్లాడేవాళ్లు ఆ సినిమా పేరెత్తకుండా ఉండరు.

ఇంత పేరు వచ్చిన సమయంలోనే ఫ్రాన్సిస్ దర్శకత్వం వైపు అడుగేశారు. 1962లో వచ్చిన మొదటి సినిమా ‘టూ అండ్ టూ మేక్ సిక్స్’ ఒక ప్రేమ హాస్యం. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ‘ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్’ అనే సినిమా నిడివి చాలకపోతే, అందులోకి లైట్‌హౌస్ ఘట్టాలు అదనంగా తీసిచ్చారు. టైటిల్స్‌లో పేరు కూడా వేయించుకోలేదు. మనుషుల మీదికి నడిచొచ్చే మొక్కల కథ అది. ఆ దారి నేరుగా హ్యామర్ గడపకు తీసుకెళ్లింది.

థేమ్స్ ఒడ్డున బ్రే అనే చిన్న ఊళ్లో ఒక బంగళానే స్టూడియోగా మార్చుకున్న సంస్థ హ్యామర్. 1957లో ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’, 1958లో ‘డ్రాకులా’ తీసి, పీటర్ కుషింగ్, క్రిస్టఫర్ లీ అనే ఇద్దరు నటులను ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేసింది. తక్కువ డబ్బు, కొద్ది వారాల షూటింగు, అవే గదులు, అవే మెట్లు. రంగు మార్చి, తలుపు మార్చి, ఒకే హాలును నాలుగు సినిమాలకు వాడుకోవడం అక్కడ మామూలు. ఇలాంటి చోట దర్శకుడికి కెమెరా తెలిసి ఉంటే అది పెన్నిధే. కొత్త సెట్టు వేయలేనప్పుడు కొత్త నీడ వేయవచ్చు.

హ్యామర్‌కు ఫ్రాన్సిస్ మొదట తీసినవి నలుపు తెలుపు మనస్తత్వ కథలు. 1963లో ‘పారనోయిక్’, 1964లో ‘నైట్‌మేర్’, 1965లో ‘హిస్టీరియా’. మూడూ జిమ్మీ సాంగ్‌స్టర్ రాసినవే. ‘పారనోయిక్’లో ఆలివర్ రీడ్ తాగుబోతు వారసుడు. ఎప్పుడో చచ్చిపోయాడనుకున్న తోడబుట్టినవాడు తిరిగి వస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్నది కథ. ‘నైట్‌మేర్’లో ఒక అమ్మాయికి రాత్రిపూట తెల్లబట్టల స్త్రీ నడవాల్లో కనిపిస్తుంటుంది. చూస్తే ‘ది ఇన్నొసెంట్స్’ నడవాలే గుర్తొస్తాయి. తలుపు సందులోంచి జారే వెలుతురు, మెట్ల మలుపు దగ్గర ఆగిపోయే కన్ను, అంతా ఆ బడి చదువే. అయితే ఇప్పుడు కెమెరా వేరేవాళ్ల చేతుల్లో ఉంది. ఆర్థర్ గ్రాంట్, జాన్ విల్కాక్స్, తర్వాత నార్మన్ వార్విక్ లాంటి ఛాయాగ్రాహకులు ఆయన సినిమాలకు పనిచేశారు.

1964లోనే ‘ది ఈవిల్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ రంగుల్లో తీశారు. తర్వాత అమికస్ అనే మరో సంస్థ పిలిచింది. మిల్టన్ సుబోట్‌స్కీ, మాక్స్ రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికన్లు నడిపిన సంస్థ అది. ఒకే సినిమాలో నాలుగైదు చిన్న కథలు గుచ్చి దండ చేయడం వాళ్ల పద్ధతి. 1965 నాటి ‘డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్’తో ఆ వరస మొదలైంది. రైలు పెట్టెలో అయిదుగురు ప్రయాణికులు, వాళ్ల మధ్యకి వచ్చిన ఒక అపరిచితుడు, అతని చేతిలో జోస్యం చెప్పే పేకముక్కలు. ముక్కలు తిరగేసేకొద్దీ ఒక్కో ప్రయాణికుడి భవిష్యత్తు. కథకూ కథకూ మధ్య ఆరుగురు మనుషులు ఎదురుబొదురు బెంచీల మీద కూర్చునే ఉంటారు. అయినా విసుగు రాదు. ఎవరి ముఖం మీద వెలుగు ఎప్పుడు తగ్గాలో తెలిసినవాడు తీశాడు కాబట్టి.

దర్శకుడిలో కెమెరామన్ ఎంత బలంగా బతికున్నాడో చూడాలంటే అదే ఏడాది వచ్చిన ‘ది స్కల్’ చూడాలి. క్రూరత్వానికి పేరుపడ్డ ఫ్రెంచి రచయిత మార్కీ ద సాద్ పుర్రె చేతులు మారుతూ ఒక పండితుడి ఇంటికి చేరుతుంది. ఆ పండితుడు పీటర్ కుషింగ్. రాబర్ట్ బ్లాక్ కథకు ఇది తెర రూపం. పుర్రె నటించలేదు, మాట్లాడలేదు. దాన్ని ఎలా భయంకరం చేయాలి? ఫ్రాన్సిస్ పెద్ద పుర్రె నమూనా ఒకటి చేయించి కెమెరా ముందు బిగించారు. కంటి గుంతల్లోంచి గది కనిపిస్తుంది. అంతవరకూ మనం పుర్రెను చూస్తున్నాం, ఆ క్షణం నుంచి పుర్రె మనల్ని చూస్తోంది. కుషింగ్ కుర్చీలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ రెండు గుండ్రటి చీకటి చట్రాలు అతని మీదికి మెల్లగా సాగిపోతాయి. సినిమా చివరి భాగంలో చాలాసేపు మాటలే ఉండవు. గది, పుర్రె, మనిషి, వెలుగు. తెర అంచులను చీకటితో కట్టేయడం ఆయనకు కొత్త కాదు కదా. ఇక్కడ ఆ చీకటికి ఎముక ఆకారం వచ్చింది, అంతే తేడా.

ఆ పాత గాజు పలకలు కూడా ఊరికే పోలేదు. 1968లో ‘డ్రాకులా హాజ్ రిసెన్ ఫ్రమ్ ది గ్రేవ్’ను తీయవలసిన టెరెన్స్ ఫిషర్ కాలు విరగడంతో ఆ పని ఫ్రాన్సిస్ మీద పడింది. ‘ది ఇన్నొసెంట్స్’కు వాడిన అంచు ఫిల్టర్ల విద్యనే ఆయన ఈసారి రంగుల్లోకి తెచ్చారు. క్రిస్టఫర్ లీ డ్రాకులాగా వచ్చినప్పుడల్లా తెర అంచులు ఎరుపు, పసుపు, కాషాయం కలిసిన మంటలా మారతాయి. డ్రాకులా ఇంకా ఏమీ చేయకముందే గాలిలో ఏదో కుళ్లినట్టు అనిపిస్తుంది. సాహిత్య గౌరవం ఉన్న నలుపు తెలుపు సినిమా కోసం పుట్టిన ఉపాయం ఏడేళ్ల తర్వాత డ్రాకులా కోటలో రంగు పూసుకుని తిరిగింది. చేసింది ఒకే చెయ్యి.

1972లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ ఆయన దర్శకత్వంలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న సినిమాల్లో ఒకటి. అయిదు కథలు. వాటిలో ఒక కథలోని గ్రిమ్స్‌డైక్ అనే ముసలాయన దగ్గర కాసేపు ఆగాలి. భార్య పోయినవాడు, చెత్త ఎత్తే పనివాడు, చుట్టుపక్కల పిల్లలకు బొమ్మలు బాగుచేసి ఇచ్చేవాడు. ఇరుగుపొరుగు పెద్దమనుషులకు అతని ఇల్లు కంటగింపు. అతణ్ణి తరిమేయడానికి ఒక్కొక్కటిగా అన్నీ లాగేసుకుంటారు. కుక్కలు పోతాయి, పిల్లలు రావడం మానేస్తారు. చివరికి ప్రేమికుల రోజున ఇంటినిండా విషపు మాటలున్న కార్డులు.

పీటర్ కుషింగ్‌కు మొదట ఇవ్వజూపిన పాత్ర ఇది కాదు. ఆయనే ఈ ముసలివాణ్ణి కోరి అడిగారు. 1971 జనవరిలో కుషింగ్ భార్య హెలెన్ చనిపోయింది. ఆ దుఃఖం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. స్క్రిప్టులో గ్రిమ్స్‌డైక్ తనలో తాను మాట్లాడుకుంటాడని ఉంది. కుషింగ్ వచ్చి, చనిపోయిన భార్య ఫొటోతో మాట్లాడితే ఎలా ఉంటుందని అడిగారు. ఫ్రాన్సిస్ సరేనన్నారు. ఆ ఒక్క ‘సరే’ వల్ల ఆ కథ మారిపోయింది. చిన్న గది, ఫ్రేము కట్టిన ఫొటో, దానితో నెమ్మదిగా కబుర్లు చెప్పే ముసలాయన. కెమెరా ఆయన్ని తొందరపెట్టదు. ఏడాది తర్వాత అదే ముసలాయన సమాధిలోంచి లేచి వచ్చినప్పుడు ప్రేక్షకుడు ఆయన పక్షాన ఉంటాడు. భయం సినిమాలో ఇంత జాలి పట్టించగలగడం చిన్న సంగతి కాదు. ఆ పాత్రకు కుషింగ్‌కు ఫ్రాన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

తీసినవన్నీ ఇంత బాగున్నాయని కాదు. తేనెటీగలు మనుషుల్ని చంపే ‘ది డెడ్లీ బీస్’, గుహమనిషి కథ ‘ట్రోగ్’ లాంటివి కాలానికి నిలవలేదు. ‘ట్రోగ్’ను ఇవాళ తలుచుకునేది జోన్ క్రాఫర్డ్ ఆఖరి వెండితెర సినిమాగా మాత్రమే. చేతికొచ్చిన స్క్రిప్టు బలహీనంగా ఉందని తెలిసీ ఒప్పుకున్న రోజులున్నాయి. తాను ఇష్టపడి, పూర్తి స్వేచ్ఛతో చేసిన సినిమా 1970 నాటి ‘మమ్సీ, నానీ, సనీ అండ్ గర్లీ’. థేమ్స్ ఒడ్డునే ఉన్న ఓక్లీ కోర్ట్ అనే పాత భవనాన్ని ఎన్నో సినిమాల్లో బయటినుంచి చూపించారు. దాన్ని లోపలా బయటా పూర్తిగా వాడుకుని ఒక కథ చెప్పాలన్న కోరిక దాంతో తీరింది. బ్రిటన్‌లో ఆ సినిమా ఆడలేదు. భయం సినిమాలు తనను ఇష్టపడ్డంతగా తాను వాటిని ఇష్టపడలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ మాటలో బాధ ఉంది. వేరే రకం కథలు తీయాలని ఉన్నా, ఆయన పేరు వింటే నిర్మాతలకు సమాధులే గుర్తొచ్చేవి.

కొడుకు కెవిన్ ఫ్రాన్సిస్ టైబర్న్ అనే సంస్థ పెట్టి 1975లో తండ్రి చేత ‘లెజెండ్ ఆఫ్ ది వేర్‌వుల్ఫ్’, ‘ది గూల్’ తీయించారు. ‘ది గూల్’లో పీటర్ కుషింగ్‌తో పాటు తోటమాలి పాత్రలో జాన్ హర్ట్ అనే నటుడున్నాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

అప్పటికి బ్రిటన్‌లో ఈ రకం సినిమాల గిరాకీ పడిపోయింది. హ్యామర్ కూడా చతికిలబడింది. ఫ్రాన్సిస్‌కు అరవై దాటింది. 1964లో విడుదలైన ‘నైట్ మస్ట్ ఫాల్’ తర్వాత ఆయన ఛాయాగ్రాహకుడిగా మరో సినిమా చేయలేదు. పదిహేనేళ్లకు పైగా గడిచిపోయాయి. సరిగ్గా అప్పుడు ఒక అమెరికన్ కుర్ర దర్శకుడు వచ్చాడు. అంతవరకూ తీసింది ‘ఇరేజర్‌హెడ్’ అనే ఒక్క పూర్తి నిడివి సినిమా. పేరు డేవిడ్ లించ్. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో వికృతమైన దేహంతో బతికిన జోసెఫ్ మెరిక్ కథను నలుపు తెలుపులో తీయాలన్నది సంకల్పం. నిర్మాత మెల్ బ్రూక్స్. మెరిక్ పాత్రధారి జాన్ హర్ట్. డాక్టర్ ట్రీవ్స్‌గా ఆంథొనీ హాప్కిన్స్. అదే 1980 నాటి ‘ది ఎలిఫెంట్ మ్యాన్’.

ఈ సినిమాలో మెరిక్ ముఖాన్ని చాలాసేపు దాచిపెడతారు. డాక్టర్ మొదటిసారి అతణ్ణి చూసినప్పుడు మనకు కనిపించేది డాక్టర్ ముఖమే. కెమెరా మెల్లగా ఆ ముఖం దగ్గరికి జరుగుతుంది. హాప్కిన్స్ కంట్లోంచి ఒక చుక్క జారుతుంది. తర్వాత వైద్యుల సభలో తెర వెనక వెలుగు పెట్టి మెరిక్ నీడ మాత్రమే చూపిస్తారు. అటుపైన అతను ముసుగు కప్పుకుని గోడల పక్కనే నడుస్తాడు. ఇదంతా భయం సినిమాల వ్యాకరణమే. రాక్షసుణ్ణి చివరిదాకా దాచు, నీడ చూపించు, చూసినవాడి ముఖం చూపించు. ఫ్రాన్సిస్ దాదాపు ఇరవయ్యేళ్లుగా వాడిన పనిముట్లే ఇవి. అయితే ఇక్కడ ఫలితం తిరగబడుతుంది. ఆసుపత్రి పై గదిలోకి గంజి గిన్నె పట్టుకుని ఒక చిన్న నర్సు వెళ్తుంది. అప్పుడు మొదటిసారి మెరిక్ ముఖం తేటగా కనిపిస్తుంది. ఆమె కేక పెడుతుంది. ఆ కేకకు మంచం మీద ముడుచుకుపోయి వణికేది మెరిక్. అక్కడినుంచి ప్రేక్షకుడి భయం అతని కోసమే. అతనికి ఏమవుతుందో అని.

గ్యాసు దీపాలు, ఆవిరి, తడిసిన రాళ్ల వీధులు, ఆసుపత్రి వార్డు చివరన మసక. ఆ నలుపులు చూసిన కళ్లకు ‘ది ఇన్నొసెంట్స్’ మళ్లీ కనిపిస్తుంది. సినిమాకు ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. వాటిలో ఛాయాగ్రహణం లేదు. ఫ్రాన్సిస్ విషయంలో ఈ పొరపాటు రెండోసారి జరిగింది. కానీ పరిశ్రమ మాత్రం ఆయన్ని మళ్లీ గుర్తించింది. పాత నేస్తం కారెల్ రైజ్ 1981లో ‘ది ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ వుమన్’కు పిలిచారు. లించ్ 1984లో ‘డ్యూన్’ ఇచ్చారు. 1985లో మెల్ బ్రూక్స్ సంస్థకే ఫ్రాన్సిస్ మళ్లీ దర్శకుడై, కవి డిలన్ థామస్ ఎప్పుడో రాసిపెట్టిన స్క్రిప్టుతో ‘ది డాక్టర్ అండ్ ది డెవిల్స్’ తీశారు. వైద్య పాఠాల కోసం శవాలు అమ్మినవాళ్ల కథ అది.

1989లో ఎడ్వర్డ్ జ్విక్ దర్శకత్వంలో ‘గ్లోరీ’ వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికులతో ఏర్పడిన 54వ మసాచుసెట్స్ దళం కథ. 1863 జులై 18న వాగ్నర్ కోట మీద వాళ్లు చేసిన దాడి సినిమాకు పతాక ఘట్టం. పొద్దు గుంకే వేళ సముద్రపు ఒడ్డున మొదలైన దాడి చీకటి పడేసరికి కోట గోడల కిందికి చేరుతుంది. గుండు పేలినప్పుడు ఒక్క క్షణం ముఖాలు వెలుగుతాయి, మళ్లీ మాయమవుతాయి. ఏ మెరుపులో ఎవరు బతికున్నారో, తర్వాతి చీకటిలో ఎవరు పడిపోయారో వెతుక్కోవలసి వస్తుంది. ఈ సినిమాకు రెండో ఆస్కార్. 1990 మార్చిలో ఆ బహుమతి ప్రకటించేనాటికి ఆయనకు 72 ఏళ్లు. మరుసటి ఏడాది మార్టిన్ స్కోర్సేసి ‘కేప్ ఫియర్’కు కెమెరా అప్పగించారు. స్కోర్సేసి చిన్నప్పటినుంచీ హ్యామర్ సినిమాల అభిమాని. అంటే ఆ దెయ్యాల సినిమాలే ఈ పెద్దాయనకు కొత్త తరంలో స్నేహితుల్ని సంపాదించిపెట్టాయి.

ఆఖరి సినిమా మళ్లీ డేవిడ్ లించ్‌దే. 1999లో వచ్చిన ‘ది స్ట్రెయిట్ స్టోరీ’. ఆల్విన్ స్ట్రెయిట్ అనే ముసలాయన, ఎన్నో ఏళ్లుగా మాటల్లేని అన్నకు జబ్బు చేసిందని తెలిసి, అయొవా నుంచి విస్కాన్సిన్ దాకా గడ్డి కోసే చిన్న ట్రాక్టరు మీద వెళ్లిన నిజం కథ. 1994లో జరిగింది. దాదాపు 240 మైళ్లు. లించ్ బృందం ఆ ముసలాయన వెళ్లిన దారినే వెళ్తూ, కథ వరసలోనే చిత్రీకరించింది. ఎనభై దాటిన ఛాయాగ్రాహకుడు ఆ దారంతా వెంట ఉన్నారు. రక్తం లేదు, పుర్రె లేదు, కోట లేదు. మొక్కజొన్న పొలాలు, పసుపు గీతల రోడ్డు, రాత్రయితే చలిమంట. ఆ చలిమంట పక్కన ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఒక అమ్మాయి, ఈ ముసలాయన. మంట వెలుగు ఇద్దరి ముఖాల వరకే వస్తుంది. చుట్టూ పొలాల చీకటి. ఆ చీకటిలో ఏదీ పొంచి ఉండదని చూసేవాడికి ఎలాగో తెలుస్తుంది. ఇద్దరూ నింపాదిగా మాట్లాడుకుంటారు.

ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ 2007 మార్చి 17న లండన్ పక్కనున్న ఐల్‌వర్త్‌లో కన్నుమూశారు. అప్పటికి 89 ఏళ్లు. ‘ది స్ట్రెయిట్ స్టోరీ’ తర్వాత మరో సినిమాకు ఆయన కెమెరా పట్టలేదు. ఆ సినిమా చివర్లో ఇద్దరు ముసలి అన్నదమ్ములు చెక్క వసారాలో పక్కపక్కన కూర్చుంటారు. మాటలు రెండో మూడో. తర్వాత ఇద్దరూ తలెత్తి చూస్తారు. తెర నిండా నల్లటి ఆకాశం పరుచుకుంటుంది. ఈసారి అంచుల దాకా నక్షత్రాలు.